పగులుకు తాఖీదు

పగులుకు తాఖీదు ఇవ్వాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో ఇప్పుడు తేల్చడం కష్టం. అది పనిచేసినన్నాళ్ళూ నలుగురు అధికారులు తమదేనని చెప్పుకున్నారు. తర్వాత అడిగితే ఆ నలుగురూ ఆ రోజు సెలవులో ఉన్నామన్నారు. సాక్షి సంతకం చేసినవాణ్ణి కనక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా కొత్తమెరకలో ఊరు పాయకు ఇవతల, బడి అవతల. మధ్యన నాలుగు దూలాల మీద నిలబడ్డ పాత ఇనప వంతెన. రెండు వందల పన్నెండు మంది పిల్లలు పొద్దున్న దాని మీదుగా బడికి వస్తారు, సాయంత్రం తిరిగి వెళతారు. ఇటుకల లారీలకు మాత్రం వేళ లేదు. నేను ఆ బడిలో లెక్కలు, సామాన్య శాస్త్రం చెబుతాను.

పగులును కనిపెట్టింది బంగారయ్య. రైల్వేలో వంతెనల ఫిట్టరుగా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. సాయంత్రం గాలికి అందరూ వంతెన మీదికి వెళితే, ఆయన వంతెన కిందికి వెళతాడు. వేసవిలో పాయ సన్నబడ్డాక ఇసుకలో నిచ్చెన వేసుకుని, చిన్న సుత్తితో దూలాన్ని తట్టి చెవి ఆనిస్తాడు. ఒకనాడు బడికి వచ్చి నన్ను రెండు సుద్దముక్కలు అడిగాడు. ఎందుకో చూద్దామని నేనూ వెంట వెళ్ళాను.

ఒడ్డు పక్క మూడో దూలం అడుగుపట్టీకి కిరసనాయిలు పూశాడు. కాసేపు ఆగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. దానిమీద సుద్ద రుద్దాడు. తెల్లగా ఉంది. చూస్తూ ఉండమన్నాడు. పైన ఒక లారీ వెళ్ళింది. తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లగీత దానంతటదే లేచింది.

"లోపల దూరిన కిరసనాయిలు బయటికొచ్చి చెబుద్దండి మేస్టారూ. మనం అడగాలంతే," అన్నాడు.

ఇంత లావు ఇనుము ఎందుకు పగిలిందని అడిగాను. ఆయన జేబులోంచి కట్టుతీగ ముక్క తీసి అటూ ఇటూ వంచడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి తెగింది. "ఒక్క వంపుకి తెగదండి. వెయ్యోదానికి తెగుద్ది. అలాగని ఆ వెయ్యోదాన్ని తప్పు పట్టకూడదండి," అన్నాడు. మర్నాడు ఎనిమిదో తరగతిలో అదే పాఠం చెప్పాను. పిల్లలకు బాగా అర్థమైంది. ఎంత బాగా అంటే, సాయంత్రం కొందరు వంతెన మీద మునివేళ్ళతో నడిచారు.

వంతెనల ఉపవిభాగం కార్యాలయానికి అర్జీ రాశాను. అసిస్టెంట్ ఇంజనీరు హైమవతి వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన అమ్మాయి. నిచ్చెనెక్కి చూసి, కొలిచి, తొమ్మిది సెంటీమీటర్లు అని రాసుకుంది. దిగాక నాతో మెల్లగా, పగులు కొసన ముందు ఒక రంధ్రం వేసి ఆపాలని, ఆ తర్వాత పైన ఇనప పలక వేసి బోల్టులు బిగించాలని చెప్పింది. ఒక్క రోజు పని. కాకపోతే మంజూరు రావాలి.

ఏడు వారాలకు మంజూరు వచ్చింది. పలక, బోల్టులు, నలుగురు పనివాళ్ళతో కలిసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు విరూపాక్షరావు గారు స్వయంగా వచ్చారు. పని మొదలుపెట్టే ముందు మళ్ళీ కొలవాలని నియమం. కొలిచారు. పదకొండు ఉంది.

విరూపాక్షరావు గారు ఫైలు వైపు, దూలం వైపు రెండుసార్లు చూశారు. పలకను జీపులో పెట్టించారు. ఫైలు మీద ఆయన రాసిన వాక్యం తర్వాత నేను చూశాను: "మంజూరైన పగులు స్థలమున కానరాలేదు. దాని స్థానమున వేరొక పగులు కలదు."

ఆ వేరొక పగులుకు కొత్త ఫైలు తయారైంది. ఆరు వారాలకు పదకొండు సెంటీమీటర్లకు మంజూరు వచ్చేసరికి అది పన్నెండున్నర అయింది. ఈసారి ఇరవైకి మంజూరు అడుగుదామని హైమవతి సూచించింది. విరూపాక్షరావు గారు నొచ్చుకున్నారు. లేని పగులును ఉన్నట్టు రాయడం అసత్య నివేదిక కిందికి వస్తుందని, తన ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క మిల్లీమీటరు కూడా అబద్ధం రాయలేదని ఆమెకు చెప్పారట. అది నిజమే అయి ఉంటుంది.

నేను కార్యాలయానికి వెళ్ళాను. పగులు సంగతి తేలేదాకా కనీసం లారీలైనా ఆపమన్నాను. విరూపాక్షరావు గారు మర్యాదస్థులు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, లారీలు ఆపాలంటే వంతెన బలహీనమని ప్రకటించాలని, ప్రకటించాలంటే పగులు నిర్ధారణ కావాలని, నిర్ధారణ కావాలంటే దాని పొడవు స్థిరపడాలని, ఆ పొడవును లారీలు స్థిరపడనివ్వడం లేదని ఓపికగా వివరించారు.

"ప్రస్తుతానికి పరిశీలనలో ఉంచాం, మేస్టారూ," అన్నారు.

ఆ మాట నాకు తెలుసు. మా ఆవిడ కాత్యాయని విషయంలో ఆసుపత్రిలో ఎనిమిది నెలలు విన్నాను. ఆవిడ కూడా ఈ బడిలోనే తెలుగు చెప్పేది. తొమ్మిదో నెలలో వినవలసిన అవసరం లేకపోయింది. ఇక్కడ ఇంతకంటే అక్కర్లేదు. టీ తాగకుండా లేచానన్నది మాత్రం చెప్పాలి. ఆయన దాన్ని వేరేగా అర్థం చేసుకుని, వెనక్కి పిలిచి కూర్చోబెట్టారు.

"సమస్య పగులు కాదండి. పగులు ఎక్కడైనా ఉంటుంది. సమస్య దాని పెరుగుదల. ఇప్పుడు మీరే చెప్పండి, పెరగవద్దని దానికి ఇంతవరకు ఎవరైనా రాతపూర్వకంగా తెలియజేశారా?"

లేదన్నాను. నాకు తెలిసినంతవరకు అది నిజం.

మూడో రోజున తాఖీదు వచ్చింది. గులాబీ రంగు కాగితం, కింద ముద్ర. ఇలా ఉంది:

"కొత్తమెరక వంతెన మూడవ దూలమునందలి పగులుకు ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సదరు పగులు తన ప్రస్తుత పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లను తదుపరి ఉత్తర్వుల వరకు యథాతథముగా కొనసాగించవలసినది. ముందస్తు అనుమతి లేనిదే ఏ దిశయందైనను విస్తరించినచో, తగు చర్యకు బాధ్యత వహించవలసి యుండును. అత్యవసరముగా భావించవలెను."

అంటించడానికి మైదా జిగురుతో ఒక అటెండరు, పంచనామాకు ఒక గుమాస్తా వచ్చారు. పగులు మీదనే అంటిస్తే అది చదువుకోలేదని గుమాస్తా అభ్యంతరం చెప్పాడు. అందుకని దాని కొసకు సరిగ్గా ఎదురుగా అంటించారు. సాక్షులుగా నేనూ, పడవ నడిపే పోశియ్యా. పోశియ్య వేలిముద్ర వేస్తూ, అది తిరగబడి జవాబిస్తే ఎవరు తీసుకోవాలని అడిగాడు. గుమాస్తా ఆ అంశాన్ని నోట్ చేసుకున్నాడు. నేను "తాఖీదు అంటించుట చూచితిని" అని రాసి సంతకం చేశాను. చూసింది అంతే, రాసింది అంతే.

మూడు వారాలకు కాగితం చీలింది. పగులు మొదటి పంక్తిని దాటి రెండో పంక్తి మధ్యలో ఆగి ఉంది. పధ్నాలుగున్నర. కార్యాలయంలో దీన్ని చాలా తీవ్రంగా తీసుకున్నారు. ప్రభుత్వ పత్రాన్ని చింపినందుకు పదిహేను రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసిందిగా పగులుకు రెండో తాఖీదు పంపారు. ఆ పదిహేను రోజులూ ఎవరూ ఏమీ చేయడానికి వీల్లేదు. చేస్తే విచారణలో జోక్యం అవుతుంది.

బంగారయ్య నాలుగు రోజులు ఆగాడు. అయిదో రోజు బుధవారం, ఉదయం పదకొండింటికి, చేత్తో తిప్పే ఇనప బర్మా పట్టుకుని వచ్చాడు. పట్టపగలేమిటని అడిగాను.

"కచేరీ వేళండి. ఇప్పుడు ఆ కచేరీవోళ్ళు ఒక్కరు కూడా వంతెన కాడికి రారండి," అన్నాడు.

నాకు ఆ గంట ఖాళీ. నిచ్చెన పట్టుకున్నాను. మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ సుద్ద. పగులు అసలు కొస కంటికి కనబడేదానికంటే ఇంకాస్త ముందు ఉంటుందట. అక్కడ చుక్క పెట్టి బర్మా తిప్పడం మొదలుపెట్టాడు. సబ్బునీళ్ళు పోస్తూ, ఆగుతూ, తిప్పుతూ, నా ఖాళీ గంట, మధ్యాహ్న భోజనం గంట రెండూ అయిపోయాక బొటనవేలు పట్టేంత రంధ్రం పడింది. దాని అంచును గుండ్రటి ఆకురాయితో నున్నగా అరగదీశాడు.

"పగులుకి మొన వాడిగా ఉంటేనే ముందుకు పోద్దండి. ఇప్పుడు గుండ్రంలో పడిందాండి, ఎటు పోవాలో తెలీదు," అన్నాడు. నిచ్చెన దిగాక చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఇది నేరమాండి మేస్టారూ?"

"ప్రభుత్వ ఆస్తికి చిల్లు పెట్టడం నేరమే."

"మరి పగలనివ్వడం?"

దానికి సెక్షను లేదని చెప్పాను.

పదిహేను రోజుల గడువు ముగిశాక కొలిచారు. పధ్నాలుగున్నర. ఇంకో వారానికి పధ్నాలుగున్నర. నెలకు కూడా అంతే. సంజాయిషీ ఇవ్వలేదు కాని పగులు ప్రవర్తనలో స్పష్టమైన మార్పు వచ్చిందని విరూపాక్షరావు గారు పైకి నివేదించారు. పైనుంచి అభినందన లేఖ వచ్చింది. దాని వెనకే అన్ని ఉపవిభాగాలకూ సర్క్యులర్ వెళ్ళింది.

అప్పటినుంచి మా వైపు ఎటు చూసినా గులాబీ కాగితాలే. రోడ్డు మీద గుంతలకు లోతు పెంచవద్దని తాఖీదులు వెళ్ళాయి. ఒరిగిన కల్వర్టు గోడను పది రోజుల్లోగా నిటారుగా నిలబడమన్నారు. విరూపాక్షరావు గారి గది కప్పు కారుతుంటే దానికీ ఒకటి ఇచ్చారు. ఆ రాత్రి వానకు ముద్ర కరిగిపోతే, నకలు ప్రతి అంటించారు. మూడు జిల్లాల ఇంజనీర్లు శిక్షణకు వచ్చి, మా వంతెన కింద ఇసుకలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఇనుమునకు గ్రహణశక్తి లేదన్నది కాలం చెల్లిన అభిప్రాయమని విరూపాక్షరావు గారు వాళ్ళకు గంటన్నరసేపు బోధించారు.

చివర్లో ఒక శిక్షణార్థి లేచి, ఆ రంధ్రం ఏమిటని అడిగాడు.

రికార్డులో పగులు ఉంది. తాఖీదులు ఉన్నాయి. రంధ్రం లేదు. రెండు రోజులు కార్యాలయం అట్టుడికింది. తాఖీదు అందినట్టు పగులు వేసిన వేలిముద్ర అయి ఉండవచ్చునని గుమాస్తా ఒక నోటు పెట్టాడు. ఎడమ బొటనవేలుదైతేనే చెల్లుతుందని, ఇది ఏ చేతిదో నిర్ధారించే మార్గం లేదని విరూపాక్షరావు గారు దాన్ని తోసిపుచ్చారు. అనధికార రంధ్రాన్ని తక్షణం పూడ్చి, దూలాన్ని పూర్వస్థితికి తీసుకురావలసిందిగా ఉత్తర్వు వేశారు. పది రోజుల్లో వంతెనల భద్రతా వారోత్సవం. సూపరింటెండింగ్ ఇంజనీరు గారు వస్తున్నారు. ఆ లోపు వెండిరంగు కూడా వేయాలన్నారు.

బంగారయ్య ఉతికిన చొక్కా వేసుకుని కార్యాలయానికి వెళ్ళాడు. నన్నూ తీసుకువెళ్ళాడు.

"ఆ చిల్లు నేనేశానండి. పగుల్ని ఆపింది అదేనండి. నామీద కేసెట్టుకోండి, జైల్లో ఎట్టండి, చిల్లు మాత్తరం పూడ్చకండి. అక్కడ వెల్డింగు కాల్చారంటే మళ్ళీ మొన పుట్టుద్దండి బాబూ."

విరూపాక్షరావు గారు కళ్ళజోడు తీశారు. "రంధ్రం ఆపిందనడానికి మీ దగ్గర రాతపూర్వకమైన ఆధారం ఏదైనా ఉందా? తాఖీదు ఆపిందనడానికి మా దగ్గర ఫైలు ఉంది."

బంగారయ్య దగ్గర బర్మా ఉంది. అది ఆధారం కాదు. వయసును దృష్టిలో పెట్టుకుని కేసు లేకుండా వదిలేశారు.

రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి, నున్నగా గీకి, వెండిరంగు వేశారు. చూడటానికి చాలా బాగుంది. అయిదో రోజు హైమవతి వెల్డింగుకు అవతల పక్క రంగు మీద సన్నటి గీత చూసింది. పధ్నాలుగున్నర కాస్తా పదిహేనయింది. మర్నాటికి పదిహేను మీద ఆరు మిల్లీమీటర్లు. ఆమె రాసిన నివేదికకు అదే రోజు జవాబు వచ్చింది. సదరు పగులు వెల్డింగు వద్ద సమాప్తమైనదని, దానికి ఆవల కనిపించునది నూతన పగులు కనుక ప్రత్యేక ఫైలు తెరవవలెనని, వారోత్సవానంతరం పరిశీలించబడునని.

వారోత్సవం మొదటి రోజు కోసం బడికి ముందే ఉత్తర్వు అందింది. మొత్తం రెండు వందల పన్నెండు మంది పిల్లలూ చేయీ చేయీ పట్టుకుని, వంతెన ఈ చివరినుంచి ఆ చివరిదాకా మానవహారంగా నిలబడాలి. ఆ హారం పక్కనుంచి అధికారులు నడిచి బడికి వెళతారు. భోజనాలు అక్కడే. గైర్హాజరైన ఉపాధ్యాయుల మీద చర్య ఉంటుంది.

నేను గైర్హాజరు కాలేదు. పిల్లల్ని తీసుకువచ్చి ఊరి వైపు గట్టు మీద, వంతెన మొదలుకు ముప్ఫై అడుగుల దూరంలో కూర్చోబెట్టాను. పది గంటలకు జీపులు వచ్చాయి. సూపరింటెండింగ్ ఇంజనీరు గారు లావాటి మనిషి, చూడగానే మంచివారనిపిస్తారు. మెడలో దండతో వంతెన దాకా వచ్చి, పిల్లలేరని అడిగారు.

ఇక్కడే ఉన్నారని చూపించాను.

"మరి హారం?"

"తమరు ముందు నడిస్తే పిల్లలు వెనక వస్తారండి," అన్నాను.

విరూపాక్షరావు గారు నా చెవి దగ్గరికి వచ్చి, కార్యక్రమం ప్రకారం పిల్లలు ముందు, అధికారులు తర్వాత అని గుర్తుచేశారు. నేను కావాలనే అందరికీ వినబడేలా జవాబు చెప్పాను.

"తరగతిలో పాఠం ముందు మేం చదువుతామండి. తర్వాతే పిల్లల చేత చదివిస్తాం. తాఖీదు మీరిచ్చారు. పగులు ఆగిందని మీరు రాశారు. ఒక్కసారి మీరు అటుదాకా వెళ్ళి రండి. తర్వాత వీళ్ళందర్నీ నేనే నిలబెడతాను."

సూపరింటెండింగ్ ఇంజనీరు గారు విరూపాక్షరావు గారిని చూసి, మీరు నడవండి అన్నారు. విరూపాక్షరావు గారు పై అధికారి కంటే ముందు నడవడం క్రమశిక్షణకు విరుద్ధమన్నారు. అయితే ఇద్దరం కలిసి నడుద్దామన్నారు ఆయన. ఇద్దరి బరువు ఒకేచోట పడటం గురించి విరూపాక్షరావు గారు కొంచెంసేపు ఆలోచించి, హైమవతిని పిలిచారు. ఆమె చిన్న ఉద్యోగి కనక ముందు నడిచినా ఎవరికీ అగౌరవం కాదు.

"నేను నడవను సార్," అంది హైమవతి. "పొద్దున్న కొలిచాను. పదిహేడు. పిల్లల్ని కూడా ఎక్కనివ్వను."

వెనకనుంచి హారను వినబడింది. ఇటుకల లారీ. అలవాటు ప్రకారం అందరూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. లారీ వంతెన మొదట్లోకి వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, దండలు వేసుకుని ఒడ్డునే నిలబడ్డ ఇంజనీర్లను ఒక్కొక్కరినీ చూశాడు.

"ఏంటండి, వంతెన బాలేదా?"

జవాబు ఇవ్వడానికి అధికారం ఎవరికుందో తేలలేదు.

"ఇంతమంది ఇంజినీర్లు మీరే ఎక్కట్లేదు. నేనెందుకెక్కుతానండి," అని అతను లారీ వెనక్కి తిప్పాడు. అతని వెనకున్న రెండు లారీలు కూడా వెనక్కి వెళ్ళాయి. నేను తొమ్మిది నెలలుగా అర్జీలు పెట్టి ఆపలేని లారీలు అవి.

భోజనాలు అవతల ఉన్నాయి. ఎండ ఎక్కింది. పిల్లల్ని ఇళ్ళకు పంపేశాం. అధికారులందరూ పోశియ్య పడవలో రెండు విడతలుగా వెళ్ళారు. మొదటి విడతలో నన్నూ, హైమవతినీ ఎక్కించుకున్నారు. పడవ సరిగ్గా మూడో దూలం కిందికి వచ్చినప్పుడు సూపరింటెండింగ్ ఇంజనీరు గారు తల పైకెత్తారు. వెండిరంగు మీద గీత కిందినుంచి బాగా కనబడుతుంది. వెంటనే పోశియ్యను తెడ్డు తొందరగా వేయమన్నారు.

అవతలి ఒడ్డు చేరేలోగా పడవలోనే ఉత్తర్వు చెప్పారు. గుమాస్తా మోకాలి మీద రాసుకున్నాడు. వంతెన మూయాలి. పొడవుతో నిమిత్తం లేకుండా మరమ్మతు చేయాలి. ముందు కొసన రంధ్రం వేయాలి. రంధ్రానికి కారణం ఏమని రాయాలన్న దగ్గర కలం ఆగింది. నియమావళిలో ఆ కారణం లేదు. విరూపాక్షరావు గారే దారి చూపించారు. ఆయన్ను తీసిపారేయడానికి లేదు. ఉత్తర్వులో ఇలా ఉంది: "రెండు తాఖీదులను ధిక్కరించి విస్తరించినందుకు గాను, సదరు పగులుకు శిక్షగా ఒక రంధ్రము విధించడమైనది."

శిక్ష అమలుకు బంగారయ్యను పిలిపించారు. ఈసారి నిచ్చెన హైమవతి పట్టుకుంది. వెల్డింగు గీకి, కొస వెతికి, బర్మా తిప్పాడు. రెండు గంటలు పట్టింది. దిగాక ఆయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. నన్ను చదివి చెప్పమన్నాడు.

"శిక్ష సక్రమంగా అమలైందని రాశారు," అన్నాను.

"దానికి నొప్పెట్టలేదని కూడా రాయమనండి," అని సంతకం పెట్టాడు.

మర్నాడు పలక వేసి బోల్టులు బిగించారు. బిగించిన ప్రతి బోల్టునూ బంగారయ్య సుత్తితో తట్టి చెవి ఆనించాడు. ఆ వారమంతా పిల్లలు పడవలోనే బడికి వచ్చారు. సోమవారంనాడు వంతెన తెరిచారు. ఈసారి ముందు హైమవతి, వెనక బంగారయ్య, ఆయన వెనక పిల్లలు నడిచారు. ఆఖరి పిల్ల అవతలి గట్టు మీద కాలు పెట్టేదాకా నేను మూడో దూలం మీదే నిలబడ్డాను. మొదటి గంట ఆలస్యంగా కొట్టారు. ఆ రోజు హాజరుపట్టీలో గైర్హాజరు ఒక్కటీ లేదు.